మూడోవంతు మాస్టారు

మాస్టారి గుడ్డసంచిలో ఎప్పుడూ రెండు అట్టముక్కలుంటాయి. పాత క్యాలెండరు అట్టని ‘ఎల్’ ఆకారంలో కత్తిరించి, నల్లకాయితం అంటించుకున్నవి. రెండూ ఎదురుబొదురుగా పెడితే ఫ్రేమవుతుంది. దగ్గరికి జరిపేకొద్దీ ఫ్రేము చిక్కిపోతుంది, ఫోటో తీసినవాడి మొహం కూడా.

నెలకో ఆదివారం పొద్దున పదింటికి, గుంటూరు బ్రాడీపేటలో ఓ మేడమీది గదిలో, ఫోటోల పిచ్చివాళ్లం పదిమందిమి ప్రింట్లు పట్టుకుని చేరతాం. పునుగులు పక్క బల్లమీద, ఫోటోలు ఈ బల్లమీద. ఫోటో మీద నూనెచెయ్యి పడితే మాస్టారు ఊరుకోరు. అట్టముక్కలు పడితే మేం ఊరుకోవాలి. "బాగుందోయ్" అంటారు ముందుగా. ఆ మాటకి పొంగిపోయాడంటే వాడు కొత్తగా చేరినవాడని లెక్క. పాతవాళ్లం ‘కానీ’ కోసం చూస్తూ కూర్చుంటాం.

ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అందుకేనేమో ఏ ఫోటో చూసినా కళ్లతోనే దానిమీద నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు గీసేస్తారు. అవి కలిసే నాలుగుచోట్లలో ఎక్కడో ఓచోట మనిషో మేకో ఉండి తీరాలి. నడిమధ్యన నిలబడితే "మేకకి పాస్‌పోర్టు తీయిస్తున్నావా?" అంటారు. నిజానికి ఈ మూడోవంతు సూత్రం ఫోటోగ్రఫీ కంటే పెద్దది. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషాయన 1797లో పల్లెటూరి దృశ్యాల బొమ్మలు గీయడం గురించి రాసిన పుస్తకంలో ఆ పేరు పెట్టాడు. నింగికెంత, నేలకెంత అని ఆయన ఏదో పంపకం చెప్పుకున్నాడు పాపం. గుంటూరు మేకల దాకా వస్తుందని ఊహించి ఉండడు.

ఇక నా గూడబాతు సంగతి. ఉప్పలపాడు చెరువు దగ్గర మూడు ఆదివారాలు పడిగాపులు కాసి తీసిన ఫోటో అది. తల్లి రెక్కలు విప్పుకుని తుమ్మచెట్టు మీది గూట్లోకి దిగుతోంది, పిల్లలు నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నాయి. పన్నెండు పద్దెనిమిది ప్రింటు వేయించి, చుట్ట చుడితే ముడతలు పడతాయని ఆటోలో ఒళ్లో పరుచుకుని తెచ్చాను.

మాస్టారు కళ్లజోడు నుదుటిమీదికి తోసి, వాసన చూస్తున్నట్టు వంగారు.

"బాగుందోయ్."

టీ ఓ గుక్క తాగారు.

"కానీ, ఈ పిట్టకి కొమ్ములేంటి?"

కొమ్ములు కాదు, వెనకాల కొమ్మలు. కానీ ఆయన అన్నాక అవి కొమ్ములే. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా నాకు గూడబాతు కనపడలేదు, రెక్కల దుప్పి కనపడింది.

"హొరైజన్ కుడివైపుకి దిగింది. చెరువంతా ఒలికిపోతోంది, గిన్నె పట్టుకో" అంటూ అట్టముక్కలు తీశారు. ఎడమ రెక్క పోయింది. కుడి రెక్క పోయింది. పిల్లలు పోయాయి. చివరికి ఓ ముక్కూ, ఓ కన్నూ మిగిలాయి.

"ఇదీ నీ ఫోటో. కంట్లో మెరిసే చుక్క, క్యాచ్‌లైట్, లేదే?"

"మబ్బు పట్టిందండీ."

"కాసేపు ఆగాల్సింది."

"వానొచ్చిందండీ."

"అయితే వానలో తీయాల్సింది."

ఆయన్ని తిట్టుకోవడం మాకు తేలికే. తిట్టుకోలేని రోజులుంటాయి చూడండీ, వాటితోనే చిక్కు. నేనోసారి కాలవగట్టు మీద బట్టలుతికే ఆడవాళ్ల ఫోటో తీసుకెళ్లాను. మాస్టారు ఏమీ మాట్లాడకుండా కిందిమూల బొటనవేలు పెట్టారు. అక్కడో తెల్ల ప్లాస్టిక్ కవరుంది. వేలు పెట్టగానే ఫోటో ఊపిరి పీల్చుకుంది. వేలు తీయగానే కవరు తప్ప ఇంకేమీ కనపడలేదు. తీసేటప్పుడు నాకెందుకు కనపడలేదో ఇప్పటికీ తెలీదు. ఆ వారమంతా ఆయనమీద ఒళ్లు మండిపోయింది.

ఓ కుర్రాడు ఎదురుతిరిగాడు కూడా. "నేను క్రాప్ చేయనండీ. అంత పెద్ద ఫోటోగ్రాఫరు కార్టియే-బ్రెస్సాన్ చేసేవాడు కాదు" అన్నాడు. మాస్టారి మొహం వెలిగింది, లెక్క తప్పు చేసిన పిల్లాడు దొరికినట్టు. "1932లో పారిస్‌లో రైల్వేస్టేషన్ వెనకాల నీటిమడుగు దూకుతున్న మనిషిని తీశాడే, అదేమిటి మరి? కంచె సందులోంచి తీస్తే చెక్క అడ్డొచ్చింది, కత్తిరించాడు. నీకు మీ బావమరిది మోచెయ్యి అడ్డొచ్చింది. కత్తిరించు."

అన్నీ తెలిసిన ఈయన తీసిన ఫోటో మాత్రం మాలో ఒక్కరూ చూడలేదు. అలాగని కెమెరా లేక కాదు. నికాన్ ఎఫ్‌ఎం2 ఉంది, వారానికోసారి పౌడరు బ్రష్షుతో తుడుస్తారు. అందులో మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన కోడాక్రోమ్ రోల్ ఉంది. ముప్ఫయ్యారింటికి ఇరవై రెండు అయ్యాయి. కౌంటరు ఏళ్ల తరబడి అక్కడే నిలబడిపోయింది. "మంచి వెలుగు పడితే మిగతా పద్నాలుగూ కానిచ్చి కడిగిద్దాం" అంటారు.

కడిగేదెవరు? ఆ ఫిల్ము తయారీ 2009లోనే ఆపేశారు. కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లో ఉన్న చిట్టచివరి ల్యాబు కూడా 2010 డిసెంబరు 30 దాకా వచ్చిన రోల్స్ తీసుకుని, ఇక చాలంది. ఇప్పుడు దాన్ని మామూలుగా రంగుల్లో కడిగే ల్యాబు ప్రపంచంలో లేదు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటారని ఎవరం నోరు మెదపలేదు.

ఈమధ్య మాస్టారు డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్లారు, కెమెరాతో సహా. ఆయన లేని మొదటి ఆదివారం మేం ఒకరి ఫోటోలు ఒకరం "సూపరు", "అదిరింది" అనుకున్నాం. ఇరవై నిమిషాల్లో సమావేశం ముగిసింది. పునుగులు మిగిలిపోయాయి. మర్నెల వీడియో కాల్ పెట్టాం. అక్కడ రాత్రి పదకొండున్నర. మాస్టారు మెడకి మఫ్లరు చుట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ప్రింటు చూపించకముందే, "ఫోను వంకరగా పట్టుకున్నావ్" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది ఫోటోలు ముక్కలయ్యాక ఆ కుర్రాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, కాన్సస్ అక్కడికి మరీ దూరం కాదట. మీ రోల్..."

గది నిశ్శబ్దమైపోయింది. ఒకడు వాడి కాలు తొక్కాడు కూడా.

"2010లోనే మానేశారుగా కడగడం! నాకు తెలీదనుకున్నారట్రా?" మాస్టారు కళ్లజోడు నుదుటిమీదికి తోసి తెరమీదికి వంగారు. "ఆ ఇరవై రెండింట్లో ఒక్క తప్పు చూపించండి, చూద్దాం."