అన్న అప్‌డేట్, వదిన సంతకం

"మన వార్డు ప్రజలకు శుభవార్త! మన ప్రియతమ నాయకుల ప్రత్యేక చొరవతో, మా నిరంతర కృషితో మన గల్లీకి సీసీ రోడ్డు మంజూరైంది. సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు." పైన నలుగురు నాయకుల ముఖాలు, కింద రెండు దండాలు, మూడు గులాబీలు. రోడ్డు ముఖం మాత్రం ఎక్కడా లేదు.

ఇబ్రహీంపట్నంలో పాలప్యాకెట్ కన్నా ముందు ఇంటికి చేరేది ఇదే. వార్డు వాట్సాప్ గ్రూపులో పంపేది మా కౌన్సిలర్ అన్న. ఏ వార్డు అన్న అని మాత్రం అడక్కండి. ఇక్కడున్న 24 వార్డుల్లో ఎవరికి వారు తమ అన్నేననుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

అన్న అప్‌డేట్‌కు ఒక శాస్త్రం ఉంది. గల్లీలో రోడ్డు పడాలంటే ఏఈ అంచనా వేయాలి, కౌన్సిల్ తీర్మానం చేయాలి, టెండరు పిలవాలి, అగ్రిమెంట్ కావాలి, పని జరగాలి, కొలతలు ఎంబీ పుస్తకంలోకి ఎక్కాలి, ఆపైన బిల్లు. మనకు ఇదంతా కలిపి ఒక్క రోడ్డు. అన్నకు ఏడు శుభవార్తలు. అంచనాకు ఫ్లెక్సీ, తీర్మానానికి పాలాభిషేకం, శంకుస్థాపనకు కొబ్బరికాయ. ఎంబీ దాకా వచ్చేసరికి అన్న ఫోన్‌లో చార్జింగ్ అయిపోతుంది. గల్లీలో రెండు వానలు తట్టుకున్న కట్టడం శిలాఫలకం ఒక్కటే.

కౌన్సిల్ సమావేశం రోజు అప్‌డేట్ మరీ ఘనం: "వార్డు సమస్యలపై గళమెత్తాం." ఎజెండాలో ఎన్నో అంశం మీద ఎత్తారు, అవునన్నారా, కాదన్నారా, ఆఖరి నిమిషంలో టేబుల్ ఎజెండాగా ఏం వచ్చింది? అవేవీ ఉండవు. ఫొటో పెద్దది చేసి చూశాను. ఎజెండా కాగితాలు పిన్ను కూడా ఊడలేదు. పక్కన బిస్కెట్ల ప్లేటు మాత్రం ఏకగ్రీవంగా ఖాళీ అయింది.

చిన్న సంగతి చెప్పడం మరిచాను. అన్న అసలు కౌన్సిలరే కాదు. 2020 జనవరి 22న జరిగిన ఎన్నికల్లో గెలిచింది వదిన. చట్టం పట్టణాల్లో సగం వార్డులు మహిళలకిచ్చింది. వదినకు సీటొచ్చింది, అన్న ఆ సీటు ముందు ఇంకో కుర్చీ వేసుకున్నాడు. సంతకం ఆమెది, స్టేటస్ ఈయనది. "కౌన్సిలర్ సాబ్" అని పిలిస్తే తిరిగి చూసేది కూడా ఈయనే.

2025 జనవరి 26తో పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. వదిన మాజీ అయింది. అన్న కాలేదు. ఎట్లా అవుతాడు? లేని పదవికి గడువెక్కడిది? ఒకప్పుడు సభ్యులంతా కూర్చుని కొట్లాడి తేల్చే సంగతులు ఒక్క అధికారి సంతకంతో తేలిపోయినా, అన్న అప్‌డేట్ ఒక్క పూట ఆగలేదు. అదే కృషి, అవే ధన్యవాదాలు. కౌన్సిల్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకే అప్‌డేట్ సరిపోయిందంటే, కౌన్సిల్‌లో జరిగింది అందులో ఏనాడూ లేదన్నమాట.

చెప్పడానికి సరుకు లేక కాదు. 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది. యువకులకొకటి, మహిళలకొకటి, పెద్దవాళ్లకొకటి, ప్రముఖులకొకటి, ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది, ఊరికి 1,440 మంది. ఆ జాబితాలో మీ పేరు కూడా ఉందేమో ఒకసారి చూసుకోండి, మీకు చెప్పడం మరిచిపోయి ఉంటారు. అదే చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీసిపెట్టమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే బాధ్యుల పదవి ఊడుతుందని కూడా చెప్పింది. అన్న నాటిన మొక్కలు నూటికి నూరూ బతికే ఉన్నాయి, ఫోన్ గ్యాలరీలో.

ఊరు దాటిన విషయాల్లోనూ అన్న వెనుకబడడు. 2025 మార్చిలో ఏడు మండలాల్లోని 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ అథారిటీ ఏర్పడితే "భవిష్యత్తు మన గుమ్మంలో" అని పెట్టాడు. గుమ్మం ముందు మోరీ పొంగుతోంది, భవిష్యత్తు ప్యాంటు మడుచుకుని రావాలి. అదే ఏడాది డిసెంబరులో 27 పట్టణాలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. మన పొరుగున ఆదిబట్ల, తుర్కయాంజాల్, పెద్దఅంబర్‌పేట వెళ్లిపోయాయి, మనం మిగిలాం. "మన ఊరి ప్రత్యేకతను కాపాడుకున్నాం" అన్నాడు అన్న. ఒకవేళ మనల్నీ కలిపేస్తే "చిరకాల స్వప్నం సాకారం" అని ఇంకొకటి రాసి సిద్ధంగా పెట్టుకున్నాడని వదినే చెప్పింది.

ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా పాపం ఈ విద్య ఎరగడు. ఆ కాలపు పెద్దచెరువు ఇంకా నిలిచే ఉంది. ఒక్క ఫ్లెక్సీ దొరికితే ఒట్టు.

మొన్న కిరాణా షాపాయన గ్రూపులో ధైర్యం చేశాడు: "అన్నా, రోడ్డు బిల్లు ఎంతయింది? ఎంబీ ఎవరు రాసిండ్రు?" అన్న వెంటనే స్పందించాడు: "మంచి ప్రశ్న తమ్మీ. ఇంటికి రా, చాయ్ తాగుకుంట మాట్లాడుదం." ఆ రాత్రి నుంచి గ్రూపులో అడ్మిన్‌కే మాట.

వదిన అడ్మిన్ కాదు. అందుకే ఐదేళ్లలో ఒకే ఒక్కసారి, అన్న స్నానానికి వెళ్లినప్పుడు, ఆయన ఫోన్ నుంచి ఒక ముక్క రాసింది: "రేపు పొద్దుగాల ఆరింటికి నల్లా వస్తది. గంటసేపే ఇడుస్తరట. బిందెలు తయారు పెట్టుకోండ్రి." ఎవరి ఫొటో లేదు, ఎవరికీ ధన్యవాదాలు లేవు. మర్నాడు గల్లీలో బిందె నిండని ఇల్లు లేదు.

ఎనిమిదింటికి చూస్తే ఆ మెసేజ్ మాయం. ఏమైందని అడిగితే అన్న బాధపడ్డాడు: "దాంట్ల ఎమ్మెల్యే సాబ్ ఫొటో లేదు తమ్మీ. ప్రోటోకాల్ లొల్లి అయితది."