కట్టు... కట్!

తెలుగులో ‘కట్టు’ అంటే నిలబెట్టడం, ఇంగ్లీషులో ‘కట్’ అంటే తెగ్గొట్టడం. కొల్లేరు సరస్సులో మాత్రం రెండూ అక్కాచెల్లెళ్లు. 1999లో అభయారణ్యమన్నారు. అయినా చేపల చెరువులకు గట్లు కట్టు! 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అన్నారు. ప్లస్ ఐదు కాంటూరులో, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు లోపు, గట్లు కట్! సద్దుమణిగాక చాలాచోట్ల మళ్లీ కట్టు!

కొల్లేరు దాటినా ‘కట్’ వదలదు: ఏలూరు వీధిలో కరెంటు కట్, సెలూన్‌లో కటింగ్. తాడేపల్లిగూడెం నిట్‌లో సీటుకు కటాఫ్. అక్కడి ఉల్లి మార్కెట్లో కత్తి పెట్టకుండానే కన్నీళ్లు: ధర దిగితే రైతుకు, ఎక్కితే మనకు. మధ్యనున్నాయనకు రెండుసార్లూ ‘కట్’... అంటే కమీషన్!

ఈ కట్టుకథ కొల్లేటి చాంతాడు. కట్ చేద్దామంటే కత్తెర ఖాళీగా లేదండీ. రిబ్బన్ కటింగ్‌కు వెళ్లింది!