ఆడలేక రిమోట్ ఓడు

ఆదోని పత్తిచేల మీద ఇప్పుడు గద్దలకు పోటీగా మందుకొట్టే డ్రోన్లు తిరుగుతున్నాయి. వాటిని తిప్పే కుర్రాళ్లలో కొందరికి కొత్త జబ్బు పట్టుకుంది. డ్రోన్ వేపచెట్టుకు తగులుకుంటే తప్పు రిమోట్‌ది. గట్టు దాటి పక్కోడి చేలో దిగితే అదీ రిమోట్‌దే. ఇక పెద్ద తెర, 16 చానళ్లు, అరగని హాల్ సెన్సర్ స్టిక్కులు ఉన్నది కొనాల్సిందే. డ్రోన్‌ను గాల్లో నడపడానికి 4 చానళ్లు చాలు. మిగతా వాటిలో చాలావరకు టీకొట్టు దగ్గర చెప్పుకోడానికే!

మంచి రిమోట్ దండగేమీ కాదు. సిగ్నల్ అంత తేలిగ్గా తెగదు, స్టిక్కు ఎంత కదిపితే అంతే కదులుతుంది. చెయ్యి వణికితే ఆ వణుకునూ పొల్లుపోకుండా పైకి చేరవేస్తుంది. డ్రోన్ ముక్కు మనవైపు తిరిగాక కుడికి నెడితే అది మన ఎడమకు పోతుందన్న సంగతి మాత్రం వేళ్లకే తెలియాలి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, శిక్షణ పొందాలి. రిమోట్ తెర ఎన్ని అంగుళాలో అందులో ఎక్కడా అడగలేదు. పాపం, మరిచిపోయినట్టున్నారు.

ఎమ్మిగనూరు వైపు ఒకాయన జొన్నకు కొట్టించిన 2,4-డి కలుపుమందు గాలికి కొట్టుకుపోయి పక్కచేలో పత్తి ఆకుల్ని ముడిచేసిందట.

"ఏమప్పా, గాలి చూసుకోవద్దా?"

"కొత్త రిమోట్ పెద్దాయనా, ఇంకా 11 కంతులున్నాయి. నీ నష్టం సంగతి అవి తీరినాక మాట్లాడదాం."