టమాబెర్రీ దరఖాస్తు

పత్తికొండ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునే డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి ఆ మధ్య ఒక టమాటా వచ్చింది. పేరు మార్చుకోవాలంది.

"ఏంటికప్పా? ఉన్న పేరుకేమొచ్చె?"

"ఏమీ రాలేదు సామీ, అందుకే. వెనక బెర్రీ అని తగిలిస్తే సర్కారు దయ చూపిస్తాందంట. టమాబెర్రీ అని రాసెయ్."

దయ చూపిన మాట నిజమే. 2024 ఫిబ్రవరి 20 నుంచి బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీల మీద దిగుమతి సుంకం 30 శాతం నుంచి 10 శాతానికి దిగింది. దీని వెనక కథ కోళ్ళది. బర్డ్ ఫ్లూ భయంతో 2007లో మన దేశం అమెరికా కోడిమాంసం వద్దంది. 2012లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ గడప ఎక్కింది. 2015లో అప్పీలులో కూడా మనమే ఓడాం. 2023 సెప్టెంబరులో, ఢిల్లీ జీ20 సంబరాల్లో మునిగి ఉన్న రోజుల్లోనే, రాజీ కుదిరింది. టర్కీ కోడికి, బాతుకు, బెర్రీలకు సుంకం తగ్గిస్తామని మనవాళ్ళు ఒప్పుకున్నారు. గట్టు తగాదాకి పోయిన ఆసామి గేదెను ఇచ్చి ఇంటికొచ్చినట్టు, కోళ్ళ పంచాయితీలో లాభం బెర్రీకి దక్కింది.

"సుంకం బయటి నుంచి వచ్చే సరుక్కు గదా, నీకేం ఒరుగుతాది?" డాక్యుమెంట్ రైటర్ న్యాయంగానే అడిగాడు.

"సుంకంతో నాకేం పని? ఢిల్లీలో ఎవరన్నా నా పేరు ఒకసారి పలికితే చాలు. ధర పెరిగినప్పుడు గాదు, పడినప్పుడు."

తమాషా ఏమిటంటే ఈ దరఖాస్తులో దమ్ముంది. వృక్షశాస్త్రం లెక్కలో బెర్రీ అంటే ఒక పువ్వులోని ఒకే అండాశయం నుంచి పుట్టి, గోడంతా కండపట్టి, లోపల గింజలు దాచుకున్న కాయ. ఆ లెక్కన టమాటా అచ్చమైన బెర్రీ. వంకాయ బెర్రీ. మిరపకాయ బెర్రీ. అరటిపండు కూడా బెర్రీయే. స్ట్రాబెర్రీ మాత్రం కాదు. అందులో మనం తినేది ఉబ్బిన పూపీఠం, పైన అంటుకున్న గింజల్లాంటివే దాని అసలు కాయలు. రాస్ప్‌బెర్రీదీ దొంగ సర్టిఫికెట్టే. అది చిన్న చిన్న టెంకపండ్ల గుంపు. పుట్టుక చూసి పోస్టింగులిస్తే ఏసీ అరలో కూర్చోవాల్సింది గుత్తివంకాయ.

సాక్షి సంతకాలకు వంకాయ, పచ్చిమిర్చి ముందుకొచ్చాయి. మిర్చి తన పేరు కూడా గుంటూరు బెర్రీగా మార్చమని పట్టుబట్టింది. ఒకే స్టాంపు కాగితం మీద ఇద్దరికి కుదరదని డాక్యుమెంట్ రైటర్ తేల్చి చెప్పాడు.

"ముందు ఇట్లాంటి కేసులేమన్నా ఉండాయా?"

ఉన్నాయి. అందులో ఒకటి టమాటా సొంత కేసే. అమెరికాలో 1883 నాటి సుంకాల చట్టం దిగుమతి కూరగాయల మీద 10 శాతం వేసి, పండ్లను వదిలేసింది. టమాటా పండేనని న్యూయార్కు వ్యాపారులు నిక్స్ కుటుంబం వాళ్ళు రేవు అధికారి మీద దావా వేశారు. సుప్రీంకోర్టు దాకా పోయింది. శాస్త్రం ప్రకారం పండే కావచ్చు గానీ, జనం దాన్ని అన్నంతో తింటారు తప్ప అన్నం తిన్నాక తీపి బదులు తినరు కాబట్టి కూరగాయేనని 1893లో కోర్టు తీర్పిచ్చింది. నూట ముప్పయ్యేళ్ళయినా టమాటా నెత్తి మీది నుంచి ఆ తీర్పు దిగలేదు.

కివీది ఇంకో కథ. దాని పాత పేరు చైనీస్ గూస్‌బెర్రీ. అమెరికాలో అమ్ముకోవడానికి న్యూజిలాండ్ ఎగుమతిదారులు మొదట మెలనెట్ అని పిలుద్దామనుకున్నారు. అప్పట్లో అమెరికా పుచ్చ (మెలన్) జాతి మీదా బెర్రీల మీదా గట్టిగా సుంకం వేసేది. అందుకని 1959లో తమ దేశపు పక్షి పేరు తగిలించారు. నిఖార్సయిన బెర్రీ అయ్యుండీ, కాదని పేరు మార్చుకుని బాగుపడింది కివీ. కాలం తిరగబడి ఇప్పుడు అదే పేరు కోసం టమాటా క్యూలో నిలబడింది. మన దగ్గరా దారి ఉంది: 2021లో గుజరాత్ ప్రభుత్వం డ్రాగన్ ఫ్రూట్‌ను కమలం చేసింది. పండుకు పువ్వు పేరు పెట్టగా లేనిది, బెర్రీని బెర్రీ అనడానికేం?

పేరు మారితే బతుకెలా ఉంటుందో టమాటా ముందే ఊహించుకుంది. హైదరాబాద్ సూపర్‌మార్కెట్‌లో బ్లూబెర్రీ ఎలా బతుకుతోందో చూసింది కదా. నూట ఇరవై ఐదు గ్రాముల ప్లాస్టిక్ డబ్బా, 2024 మొదట్లో మూడు వందలకు అటూ ఇటూ ధర. ఒకే గుత్తిలో కాయలు ఒక్కసారి పండవు గనక, అదే చెట్టు చుట్టూ మనుషులు మళ్ళీ మళ్ళీ తిరిగి ఒక్కో కాయా ఏరాలి. ఒంటి మీది తెల్లటి మైనం పొర చెరగకుండా పట్టుకోవాలి. కోసిన కొద్ది గంటల్లోనే సున్నా డిగ్రీల దగ్గరికి చల్లార్చి, పెరూ నుంచి మన ఊరి అర దాకా ఆ చలి వదలకుండా మోసుకురావాలి. దారిలో ఒక్క కాయ బూజు పట్టినా డబ్బా మొత్తం పోయినట్టే, ఆ పోయినదాని ఖరీదు కూడా మిగిలిన డబ్బాల మీదే పడుతుంది. టమాటా కూడా నూట ఇరవై ఐదు గ్రాముల డబ్బాలో పడుకుంటుంది. డబ్బాకు రెండే పడతాయి. చారు కాచాలంటే ఇంటికి రెండు డబ్బాలు, పప్పుకు ఈఎంఐ.

"మంచి పేరు నీకు మునుపే పెట్టినారు గదప్పా," డాక్యుమెంట్ రైటర్ గుర్తుచేశాడు.

పెట్టారు. 2018 బడ్జెట్‌లో ఐదు వందల కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటిస్తూ టమాటా, ఉల్లి, బంగాళాదుంప ఇంగ్లిషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి టాప్ అన్నారు. 2020లో మిగతా పండ్లనూ కూరగాయలనూ చేర్చి టోటల్ అన్నారు. పేర్లకు లోటు రాలేదు. పత్తికొండ టమాటా జ్యూస్ ఫ్యాక్టరీ హామీ మాత్రం 2024 ఎన్నికల ముందు దాకా ప్రతి ఎన్నికకూ పూత పూసింది, పిందె కట్టలేదు.

2023 జులైలో కిలో రెండు వందలకు ఎగబాకినప్పుడు ఎంత చురుకుదనం! కేంద్రం మదనపల్లె, కోలారుల్లో కొని, ఢిల్లీ వీధుల్లో వ్యాన్లు పెట్టి తొంభైకి, ఎనభైకి, డెబ్బైకి అమ్మించింది. మన రైతుబజార్లలో యాభైకిచ్చారు. ఆగస్టులో నేపాల్ నుంచి తెప్పించారు. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలి రాయలసీమ రైతులు కాయను రోడ్డు పక్కన పారబోస్తే ఒక్క వ్యాను రాలేదు. ఎక్కువ ధర తినేవాడికి కష్టం, దానికి వారంలో మందు దొరుకుతుంది. తక్కువ ధర పండించినవాడి కర్మ.

బ్లూబెర్రీ మీద ఎవరికీ పగలేదు. దాని ధరలో దగా కూడా లేదు. కోత నుంచి అర దాకా ప్రతి అడుగులో ఎవరో దాని కోసం చలి కొన్నారు, చెయ్యి పెట్టారు, చివరికి జెనీవాలో వకీళ్ళు కోళ్ళ కోసం వాదించిన కేసు కూడా దానికే కలిసొచ్చింది. టమాటా రైతు అడిగింది అందులో పదో వంతు. కోసిన కాయ నాలుగు రోజులు నిలవుండే చల్లటి గది. కోత కూలీ, లారీ బాడుగ, మండీ కమీషన్ పోను చేతిలో కాస్త మిగిలే ధర. కేంద్రం మద్దతు ధర ప్రకటించే ఇరవై మూడు పంటల్లో అతని పంట లేనే లేదు. ఉన్న పంటల వాళ్ళ గతి అయినా చూడండి. మద్దతు ధరకు చట్టం చెయ్యమని 2024 ఫిబ్రవరి 13న పంజాబ్ రైతులు ఢిల్లీకి బయల్దేరితే, శంభూ సరిహద్దులో కాంక్రీటు దిమ్మెలు అడ్డం పెట్టి, డ్రోన్లతో నెత్తిన బాష్పవాయువు కురిపించారు. పరాయి దేశపు పండుకు రోడ్డు వేసిన మర్నాడే, 21న, ఖనౌరీ సరిహద్దు దగ్గర తలకు దెబ్బ తగిలి ఒక యువ రైతు చనిపోయాడు. పండు తీరిగ్గా విమానం దిగొచ్చే దేశంలో, పండించేవాడు సొంత రాజధానికి ట్రాక్టర్ మీద పోవడం నేరమెప్పుడైంది? అమెరికా అడిగితే పదేళ్ళ తగాదాను ఒక్క నోటిఫికేషన్‌తో తెంచగలిగిన ప్రభుత్వానికి, రెండు వందల కిలోమీటర్ల దూరంలో నిలబడి అడిగిన సొంత మనిషికి ఇవ్వడానికి పొగ తప్ప ఇంకేం దొరకలేదా?

చెట్టు కింద దరఖాస్తు చివరికొచ్చింది. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు రాశారు. డాక్యుమెంట్ రైటర్ పెన్ను ఆపాడు.

"చిరునామా?"

టమాటా కాసేపు ఆలోచించింది.

"హైవే పక్కన అని రాయి సామీ. కంపచెట్ల కాడ."