ఏజెన్సీ ఉద్యోగి వినకూడని సలహాలు

చైతన్యపురి హాస్టల్లో ఉంటూ శంషాబాద్ విమానాశ్రయంలో ఏజెన్సీ తరఫున పనిచేసే కుర్రాడికి సలహాలకు కొదవ ఉండదు. రూమ్మేటు ఒకటి చెబుతాడు, సూపర్‌వైజరు ఒకటి, ఊళ్లోని బాబాయి ఇంకొకటి. కొన్ని సలహాలు అతని నోటికాడి కూడు లాగేస్తాయి.

'పీఎఫ్ వద్దని రాసివ్వు, చేతికి ఎక్కువొస్తుంది.' అన్నిటికన్నా చెడ్డ సలహా ఇదే. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో మూలవేతనం, డీఏ కలిపి 15,000 లోపుంటే పీఎఫ్ తప్పనిసరి. మీ జీతంలో 12 శాతం కోస్తే యజమాని కూడా అంతే వేయాలి. వద్దనుకుంటే ఆ వాటా పోయినట్టే. పే స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే మీ డబ్బు మధ్యలో ఎవరో పట్టుకున్నారు. ఉమంగ్ యాప్‌లో నెలనెలా చూసుకోండి. తేడా వస్తే బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసు చైతన్యపురికి దూరమేమీ కాదు.

'జీతం రాకపోతే ఏజెన్సీవాణ్ణి పట్టుకో, పెద్ద కంపెనీకేం సంబంధం?' ఉంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఆ బాధ్యత ఉంది. నియామక పత్రం ఇవ్వాల్సిందే. తీసేసినా, మీరే మానేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి.

'ఐదేళ్లు ఓపికపట్టి కోర్టుకెళ్తే పర్మనెంటు చేస్తారు.' ఈ ఆశకు 1996 నాటి ఎయిర్ ఇండియా తీర్పు ప్రాణం పోసింది, 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టే దాన్ని కొట్టేసింది. కాంట్రాక్టు ఉత్తుత్తిదని రుజువైతేనే ఇప్పుడు దారి. డ్యూటీ ఎవరు వేశారు, సెలవు ఎవరిచ్చారు అన్నదగ్గరే ఆ రుజువు మొదలవుతుంది. రోస్టర్లు, గేట్ పాసులు, వాట్సాప్ ఆదేశాలు దాచుకోండి.

ఇది చిన్న ఉద్యోగుల బాధే అనుకోవద్దు. ఏజెన్సీ ద్వారా రయన్ఎయిర్ విమానాలు నడిపిన పైలట్‌ను కాగితం మీద స్వయం ఉపాధి కింద చూపారు. అతను ఏజెన్సీ వర్కరేనని 2025లో బ్రిటన్ అప్పీల్ కోర్టు కూడా తేల్చింది. అక్కడా కాగితం మీది మాటకన్నా పని జరిగిన తీరే నిలిచింది.

ఇక 'ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయ్, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టెయ్' అనేవాళ్ల మాట అసలు వినకండి. ఆ సంతకం రేపు మీ రాజీనామా అవుతుంది.