అక్క సొమ్ము

2021 వానలకు తెనాలి దగ్గర మా ఊళ్లో పాత ఇంటి స్లాబు కారడం మొదలైంది. డల్లాస్‌లో కొడుకు దగ్గరుంటున్న అక్కకు ఫోన్‌లో ఆ సంగతి చెప్పాను. "నా పేరున ఉన్న డబ్బులో ఆరు లక్షలు పంపుతాను. నా పుట్టిల్లు కదరా" అంది. వద్దన్నాను. ఆడపిల్లకు పెట్టాలి గానీ ఆడపిల్ల సొమ్ము ముట్టకూడదని మా అమ్మ అనేది. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. అక్క నొచ్చుకుంది.

రెండు రోజులాగి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, పోనీ నేను పంపితే తీసుకుంటావా?" అన్నాడు. ఇంటర్ రెండేళ్లూ మా ఇంట్లో ఉండి చదువుకున్న పిల్లాడు. వాడి డబ్బు వేరు, నా డబ్బు వేరు అని ఏనాడూ అనుకోలేదు. సరేనన్నాను. నవంబరులో డబ్బు నా ఖాతాలో పడింది.

ఆ ఏడు రిటర్నులో పెన్షన్ ఒక్కటే చూపించాను. అమెరికా నుంచి పిల్లలు పంపే డబ్బుకు పన్ను లేదని తోటి పెన్షనర్లంతా అనేవాళ్లు. వాళ్లు చెప్పింది నిజమే. వాళ్లకు పంపింది కన్నపిల్లలు. నా సంగతి వేరేమోనని ఎవర్నీ అడగలేదు.

2023 దసరా ముందు వేరే పని మీద వెళ్లి ఆడిటర్ గారి ముందు బ్యాంకు పుస్తకం పెట్టాను. ఆయన వేలు ఆ ఆరు లక్షల దగ్గర ఆగింది. ఎవరు పంపారని అడిగారు, చెప్పాను. "చట్టం లెక్కలో మేనల్లుడు మీకు బంధువు కాదండీ" అన్నారు. వాడు నాకేమీ కాడా అని గొంతు పెంచాను. ఆయన ఓపిగ్గా 56వ సెక్షన్ వివరించారు. భార్యాభర్తలు, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు, తాతలు, పిల్లలు, మనవలు ఇలా వరస ఉంది. అందులో మేనమామ ఉన్నాడు, మేనల్లుడు లేడు. వాడు పైచదువుకు విమానం ఎక్కేటప్పుడు నేనిచ్చిన రెండు లక్షలకు వాడికి పన్ను లేదు. వాడు నాకిచ్చినదానికి ఉంది. బంధువులు కానివాళ్లు ఇచ్చింది ఏడాదిలో 50,000 దాటితే, దాటినంత మేరకే కాదు, మొత్తం మీదా కట్టాలి. అక్క పంపి ఉంటే రూపాయి కూడా కట్టక్కర్లేదు.

తర్వాత నేను చేసిన పని రాయడానికి చెయ్యి ఆడడం లేదు. ముప్ఫై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ని, "అక్క ఇచ్చినట్టు పాత తేదీ వేసి కాగితం రాయిద్దామా?" అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "డబ్బు ఎవరి ఖాతాలోంచి వచ్చిందో బ్యాంకులో ఉంటుంది మాస్టారూ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ 'మాస్టారూ' అన్న పిలుపు ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

మామూలు గడువు దాటిపోయాక కూడా వేసిన రిటర్నును సరిదిద్దుకునే వీలు 2022లో కొత్తగా వచ్చిందట. పన్ను 1,04,000. దాని మీద 25 శాతం అదనం, 26,000. వసారా బాగుకు, రంగులకు దాచుకున్నదంతా అటే పోయింది.

ఆ రాత్రే అక్కకు అంతా చెప్పాను, పాత తేదీ కాగితం సంగతితో సహా. చాలాసేపు మాట్లాడలేదు. "నా చెయ్యి అడ్డొచ్చిందిరా నీకు" అంది చివరికి.

సంక్రాంతికి వసారా పని చేయించాను. డబ్బు అక్క పంపింది.