ఈడూ జోడూ కుదిరిన బాణం

మన పురాణాలు విల్లుకిచ్చిన మర్యాద బాణానికివ్వలేదు. అర్జునుడి విల్లు గాండీవం, విష్ణుమూర్తిది శార్ఙ్గం, శివుడిది పినాకం. విల్లు ఎక్కుపెట్టినవాడికి పిల్లనిస్తామన్నారే గానీ, "బాబూ, నీ బాణం గట్టిదా, మెత్తదా?" అని అడిగిన మామగారు ఒక్కడూ లేడు. మంత్రం పడితే అస్త్రం, పడకపోతే అమ్ములపొదిలో పుల్ల. రామబాణానికి పేరుంది కదా అంటారేమో, ఆ పేరు రాముడిది.

ఈ అన్యాయం నా కళ్ళబడింది మా బావమరిది మూలంగా. వాడు మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన ఓ కార్ల కంపెనీలో పని చేస్తాడు. ఆ రాష్ట్రంలో అక్టోబరు 1న విల్లంబులతో జింకల వేట మొదలవుతుంది, నవంబరు 15న తుపాకులతో. ఆ పదిహేనో తేదీన వాడి ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. సెలవు అడగడం ఉత్త మర్యాద కోసం. తోటివాళ్ళ కబుర్లు విని విని వీడికీ మనసు లాగింది. శనివారం నోవై వేంకటేశ్వరస్వామి గుళ్ళో పులిహోర తిన్నవాడు, ఆదివారం కొసల్లో కప్పీలుండే అరవై పౌన్ల కాంపౌండ్ విల్లు భుజాన వేసుకుని దిగాడు.

బాణాలు మాత్రం రాలేదు. డజను కట్టి ఇమ్మంటే కొట్టతను ఇవ్వకుండా ఆరాలు తీశాడట. విల్లు లాగడానికి ఎన్ని పౌన్ల బలం కావాలి? తాడు ఎంత దూరం లాగుతావు? బాణం ఎన్ని అంగుళాలు? మొన ఎంత బరువు? ఇవన్నీ తేలితే గానీ ఏ నెంబరు బాణమో చెప్పలేనన్నాడట.

ఆరు నెలలుండి వెళ్దామని వచ్చిన మా అత్తగారు బల్ల దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తణుకు చుట్టుపక్కల ఆవిడ చెయ్యి పడకుండా కుదిరిన పెళ్ళిళ్ళు తక్కువ.

"అంటే పొంతన చూడందే పిల్లనివ్వనన్నాడు. పెద్దమనిషిరా" అన్నారు తలెత్తకుండానే.

మా వాడు నా వంక చూశాడు. ఇంజినీరింగులో కంపనాల లెక్కలు నేనూ కాసిని చదివాను కాబట్టి వివరించే భారం నా మీద పడింది.

బాణం తిన్నగా పోతుందని మనం అనుకుంటాం. పోదు. తాడు వెనకనుంచి తంతుంది. ముందున్న ములికి బరువుది, వెంటనే కదలనంటుంది. ఈ రెండింటి మధ్యా పుల్ల నడుం వంగుతుంది. ఇటు వంగి, నిగిడి, అటు వంగి, మళ్ళీ నిగిడి, అలా ఊగుతూనే గాల్లోకి పోతుంది. పాతకాలపు కర్రవిల్లులో అయితే మరీ చిత్రం. బాణం ఆనేది కర్రకి పక్కన. తాడు వచ్చేది కర్ర నడిమధ్యకి. ఆ లెక్కన బాణం పక్కకి కొట్టుకుపోవాలి. కానీ పుల్ల సరైనదైతే కర్రని తప్పుకునేలా వంగి, అవతలికి చేరి, గురిచూసిన చోటికే పోతుంది. ఈ వింతకి ఆర్చర్స్ పారడాక్స్ అని పేరు పెట్టినాయన రాబర్ట్ ఎల్మర్ అనే అమెరికన్ డాక్టరు. 1930ల్లో హిక్‌మన్, క్లాప్‌స్టెగ్ లాంటి శాస్త్రవేత్తలు అతివేగంగా తీసే కెమెరాలు పెట్టి చూసేదాకా లోపల జరిగేదేమిటో కంటికి ఆనలేదు. మిస్సోరీవాసి హోలెస్ అలెన్ 1969లో పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లు, పిడిలో బాణానికి నట్టనడుమ వదిలిన దారి, ఈ పక్కచూపుల బాధని చాలావరకు తగ్గించాయి. వంగడం మాత్రం పోలేదు.

"మరి ఎంత వంగాలో ఎలా తెలుస్తుందండీ?" అన్నారు అత్తగారు.

దానికో కొలత ఉంది. పేరు స్పైన్. 28 అంగుళాల ఎడంతో రెండు ఆధారాల మీద పుల్లని పడుకోబెట్టి, సరిగ్గా నడుముకి 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. ఎంత కిందికి దిగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్తారు. అరంగుళం దిగితే 500 నెంబరు. అంగుళంలో మూడో వంతు దిగితే సుమారు 340.

"అయితే నెంబరు పెరిగినకొద్దీ నడుంలో సత్తువ తగ్గుతుందన్నమాట. వయసూ అంతేగా" అన్నారావిడ. కంపెనీవాళ్ళు పేజీలకి పేజీలు రాసిన విషయం ఒక్క చిక్కుడుకాయ తుంచేలోగా తేలిపోయింది. చెక్క బాణాల లెక్క దీనికి తలకిందులని, అక్కడ ఏ పౌన్ల విల్లుకి సరిపోతుందో ఆ అంకే వేస్తారు కాబట్టి నెంబరు పెరిగితే గట్టిదని చెప్పబోయి ఊరుకున్నాను.

మా వాడు కంపెనీ పట్టిక తెరిచాడు. నిలువునా పౌన్లు, అడ్డంగా అంగుళాలు, రెండూ కలిసే గడిలో నెంబరు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, పంచాంగం చదివిన చేత్తోనే దాన్నీ చదివేశారు. విల్లు జోరు పెరిగితే బాణం గట్టిపడాలి. బాణం పొడుగైతే నడుం మెత్తబడుతుంది. ములికి బరువెక్కినా అంతే. 60 పౌన్లకి, 28 అంగుళాల బాణానికి, వంద గ్రెయిన్ల ములికితో మామూలుగా 400 నెంబరు సరిపోతుంది. 125 గ్రెయిన్ల ములికి పెడితే 340 వైపు జరగాలి.

"గ్రెయినంటే ఎంతరా?"

"పాత తులానికి 180 అమ్మా."

ఆవిడ చెయ్యాగింది. "అంటే ముప్పాతిక తులానికి కాస్త తక్కువ. దాన్ని తీసుకెళ్ళి అడవిలో పారేస్తావా!"

ఉక్కుదని చెప్పి శాంతింపజేశాం.

ఇక్కడో మాట చెప్పాలి. నేను వేటాడను, ఆడేవాడి పక్కన చలిలో చెట్టెక్కి కూర్చోను కూడా. కానీ ఈ చాదస్తం మీద నాకు గౌరవం ఉంది. బోర్డు మీద గురి తప్పితే రెండు మార్కులు పోతాయి. వేట ములికికి పక్కల బ్లేడులుంటాయి, గాలి వాటినీ పట్టుకుంటుంది. పొంతన లేని పుల్ల ముందు నుంచీ వెనక నుంచీ చెరోవైపు లాగించుకుంటుంది. అప్పుడు తప్పేది మార్కులు కాదు, దెబ్బతిన్న జింక పొదల్లోకి కుంటుకుంటూ పోతుంది. మరీ మెత్తని కార్బన్ బాణమైతే, తాడు వదలగానే విరిగి వేసినవాడి చేతిలోనే దిగొచ్చు కూడా.

మా వాడు మచ్చుకి కొన్ని బాణాలు తెచ్చుకున్నాడు. పరీక్ష గరాజులో జరిగింది. చట్రానికి కాగితం బిగించి, దగ్గరనుంచి బాణం దాని గుండా వదలాలి. తిన్నగా పోతే గుండ్రటి చిల్లు, చుట్టూ రెక్కల గాట్లు. వంకరగా పోతే చిరుగు. మా వాడు చేతికందిన కాగితం బిగించాడు. అది అత్తగారు ఊరినుంచి మోసుకొచ్చిన వారపత్రికలో రాశిఫలాల పేజీ. ములికి వృశ్చికంలో దిగింది, తోక కన్యదాకా చీల్చింది.

"నీది తులారాశేగా. మధ్యలో అదీ పోయింది" అన్నారు అత్తగారు.

రెక్కల్లేని బాణంతో మరో పరీక్ష. కుడిచేతివాటం వాడికి, రెక్కలున్నవాటికి ఎడంగా, ఎడమపక్క దిగితే పుల్ల గట్టిది, కుడిపక్క దిగితే మెత్తది. మా వాడిది కుడిపక్క దిగింది. మందు మూడు రకాలు: పుల్ల కాస్త కోయడం, ములికి తేలిక చేయడం, లేదా విల్లు కొమ్మల బోల్టులు కొంచెం వదులు చేసి పౌన్లు దించడం. కోసిన ముక్క మళ్ళీ అతకదు కాబట్టి కోత ఆఖర్న చేయాలి.

"ముందు విల్లు పొగరు తగ్గించరా. పిల్లని కోయడమేమిటి?" అన్నారావిడ.

అంతలో ఆవిడకి ఇంకో సందేహం. "మన బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కూడా ఇవన్నీ చూసుకుంటుందాండీ?" చూసుకోకపోతే ఎలా? హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది ఈ కాంపౌండ్ విల్లుతోనే. 50 మీటర్ల దూరంలో పది మార్కుల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు, అంటే అత్తగారు వేసే పునుగు కన్నా కాస్త పెద్దది. నడుం లెక్క తప్పిన పుల్లతో అది అయ్యే పనా?

చివరికి బోల్టులు కొద్దిగా తిప్పి, ములికి వంద గ్రెయిన్లకి దించాక చిరుగు కుదించుకుపోయి చిల్లయింది. మా వాడు అదే నెంబరులో డజను కొన్నాడు. అక్టోబరంతా తెల్లారగట్లే వెళ్ళాడు, జింకలు రాలేదు. నవంబరులో ఎవరో చెప్పారట, డెబ్బై పౌన్ల విల్లయితే మరీ బాగుంటుందని. కొనేశాడు. డజను బాణాలూ ఆ పూటకే మెత్తవైపోయాయి.

ఇప్పుడు వాటిని అమ్మాలని చూస్తున్నాడు. ఈలోగా ఊరు వెళ్ళిపోయిన అత్తగారు నిన్న నాకు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, అరవై పౌన్లలోపు విల్లున్నవాళ్ళు మీకెవరైనా తెలుసాండీ? బాణాలు బుద్ధిమంతులు. ఇంతవరకు ఒక్క ప్రాణమూ తీయలేదు."